పడవ జీపీఎస్‌కి ల్యాప్‌టాప్ కలపడం ఎలా?

ప్రశ్న: మా తెరచాప పడవ జీపీఎస్‌కు ఎన్‌ఎంఈఏ 0183 (పడవ పరికరాలు డేటా పంచుకునే ప్రమాణం) వైర్లున్నాయి. యూఎస్‌బీ కన్వర్టర్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపాను. ఓపెన్‌సీపీఎన్ అనే సముద్ర మ్యాపుల ప్రోగ్రామ్‌లో పడవ గుర్తు కదలదు, మౌస్ బాణం మాత్రం దానంతటదే గంతులేస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వైరస్ కాదు, కంగారు పడకండి. జీపీఎస్ ఆన్‌లో ఉండగా కన్వర్టర్ గుచ్చితే, వచ్చే డేటాను చూసి విండోస్ ఒక్కోసారి అది సీరియల్ మౌస్ అనుకుంటుంది. జీపీఎస్ ఆపి, కన్వర్టర్ గుచ్చి, తర్వాత ఆన్ చేయండి. అయినా వస్తే డివైస్ మేనేజర్‌లో మౌస్‌ల కింద కనిపించే 'సీరియల్ బాల్‌పాయింట్'ను డిసేబుల్ చేయండి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే మళ్లీ పుట్టుకొస్తుంది.

డివైస్ మేనేజర్‌లోనే పోర్టుల కింద కన్వర్టర్ కామ్ (COM) నంబరు చూసుకుని, ఓపెన్‌సీపీఎన్ కనెక్షన్లలో అదే నంబరు, బాడ్ రేటు (డేటా వేగం) 4800 ఇవ్వండి. ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడలను చూపే పరికరం) అయితే 38400. ఆ పోర్టును ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని ఉంటే తెరుచుకోదు.

ఓపెన్‌సీపీఎన్ డీబగ్ విండోలో జీపీఆర్‌ఎంసీ (GPRMC, జీపీఎస్ పంపే స్థానం వివరాలు) లాంటి వరుసలు రావాలి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఉంటే అందులో 1741తో (17 డిగ్రీల 41 నిమిషాలు) అక్షాంశం, 08318తో (83 డిగ్రీల 18 నిమిషాలు) రేఖాంశం మొదలవుతాయి. పిచ్చి అక్షరాలొస్తే బాడ్ రేటు తప్పు, లేదా ఏ, బీ వైర్లు తారుమారయ్యాయి. జీపీఎస్ ఔట్ ఏ కన్వర్టర్ ఇన్ ఏకి, బీ బీకి వెళ్లాలి. రంగులు కంపెనీకో తీరు, మాన్యువల్ చూడకుండా కలపొద్దు.

కన్వర్టర్ ఆప్టో ఐసొలేషన్ (రెండు వైపులా కరెంటు నేరుగా కలవకుండా కాంతితో డేటా పంపే ఏర్పాటు) ఉన్నదే కొనండి. పడవ బ్యాటరీ మీదే ల్యాప్‌టాప్ చార్జ్ అవుతుంటే గ్రౌండ్ తేడాతో పోర్టు కాలిపోవచ్చు. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు మన ఉప్పుగాలికి పచ్చబడతాయి. తగరం పూత వైరు వాడి, క్రింప్ చేసి (లోహపు తొడుగులో నొక్కి బిగించి), జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడగండి.