మోకాళ్ల నొప్పి ఉంటే నడక మానేయాలా?

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. మెట్లు దిగుతుంటే మోకాళ్లు కలుక్కుమంటున్నాయి, కింద కూర్చుంటే ఎవరైనా చెయ్యి ఇస్తే తప్ప లేవలేను. మందుల షాపులో నొప్పి మాత్ర తెచ్చుకుని రోజూ వేసుకుంటున్నాను. బీపీ కూడా ఉంది. నడిస్తే ఇంకా అరిగిపోతాయని ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్ర సంగతి చూడండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలల తరబడి వాడితే బీపీ పెరగొచ్చు, కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, కాబట్టి ఆ అట్ట పట్టుకెళ్లి మీ డాక్టరుకు చూపించండి, ఈ వారమే.

నడక మాత్రం మానకండి. కదలకుండా కూర్చుంటే తొడ కండరాలు సన్నబడి భారమంతా కీలు మీదే పడుతుంది, నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడను 5 సెకన్లు బిగించి వదలండి, ఒక్కో కాలికి 10 సార్లు, పొద్దునా సాయంత్రమూ. తేడా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, దయచేసి మధ్యలో వదిలేయొద్దు. బరువు ఎక్కువుంటే ఒక్క కిలో తగ్గినా అడుగడుక్కీ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది.

చేతికర్రకు మొహమాటపడకండి. నొప్పి ఎక్కువున్న కాలికి అవతలి చేత్తో పట్టుకోవాలి, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. పీట మానేసి కుర్చీ వాడండి. మోకాలు వాచి ఎర్రబడి జ్వరం కూడా వస్తే మాత్రం అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.