డాలస్ నుంచి అట్లాంటా: రాత్రి ఎక్కడ ఆగాలి?

డాలస్ నుంచి అట్లాంటాకి కారులో వెళ్తూ రాత్రికి ఎక్కడ ఆగాలని అడిగారు కదా. పోయినసారి మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్‌లో ఆగితే పార్కింగ్ లాట్ తప్ప ఏమీ కనిపించలేదన్నారు. తప్పు ఊరిది కాదు, చీకటి పడ్డాక చేరడం.

1. ఈసారి విక్స్‌బర్గ్‌లో ఆగండి. డాలస్ నుంచి సుమారు 365 మైళ్లు, దాదాపు సగం దారి. మిసిసిపీ నది ఒడ్డున గుట్ట మీద ఊరు.

2. అందరూ మర్చిపోయేది ఇదే: బుక్ చేసేముందు ఆ రోజు సూర్యాస్తమయం ఎన్నింటికో చూడండి. డిసెంబర్‌లో అక్కడ ఐదింటికే పొద్దుగూకుతుంది. మధ్యాహ్నం బయల్దేరితే రివర్ వ్యూ గదికి కట్టిన డబ్బు దండగే. పొద్దున ఎనిమిదికల్లా బండి తీయండి.

3. నది మీది ఐ-20 హైవే వంతెన దాటగానే వెల్‌కమ్ సెంటర్ (ప్రయాణికుల సమాచార కేంద్రం) దగ్గర దిగండి. పక్కనే 1930 నాటి ఇనుప వంతెన. గూడ్సు బండి వచ్చిందంటే పిల్లలు అక్కణ్ణుంచి కదలరు (మావాళ్లయితే పెట్టెలు లెక్కపెట్టారు).

4. గది హైవే ఎగ్జిట్ దగ్గర కాదు, డౌన్‌టౌన్‌లో తీసుకోండి.

మర్నాడు జార్జియాలోకి వెళ్లగానే గడియారం గంట ముందుకు జరుగుతుంది, అదీ లెక్కలో వేసుకోండి.