ఫోన్‌లో చూసిన 1013

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం. బెంగళూరులో స్పోర్ట్స్ సైన్స్ పీజీ చదువుతూ ఒక ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. 2 వారాల క్రితం మా సీనియర్ ఒక రన్నర్‌కి ట్రెడ్‌మిల్ మీద వీఓటూ మ్యాక్స్ (పూర్తి శ్రమలో ఒళ్లు కిలో బరువుకి నిమిషానికి వాడే ఆక్సిజన్, మిల్లీలీటర్లలో) తీస్తే 55 వచ్చింది. మొన్న అదే అమ్మాయికి నేను తీస్తే 61. గ్యాస్ క్యాలిబ్రేషన్ చేశాను, గాలి పీడనం ఫోన్‌లో చూసి 1013 అని ఎక్కించాను, మాస్కు బిగించాను. కోచ్ సంబరపడ్డారు, సీనియర్ మాత్రం రిపోర్టు ఇవ్వొద్దన్నారు. అప్పటి నుంచి మెషిన్ ముట్టుకోవాలంటేనే టెన్షన్. నేను ఈ పనికి పనికొస్తానా?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: పనికొస్తావమ్మా. ఏమేం చేశావో వరుసగా రాశావు కాబట్టే తప్పెక్కడుందో దొరికింది. ఆ 1013 దగ్గర. ఫోన్‌లో వాతావరణం యాప్ సాధారణంగా చూపించేది సముద్రమట్టానికి సర్దిన పీడనం. బెంగళూరేమో సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, మీ ల్యాబ్ గోడకి బారోమీటర్ తగిలిస్తే 910 హెక్టాపాస్కల్ దరిదాపుల్లో చూపిస్తుంది. గాలి పల్చబడితే లీటరు గాలిలో ఉండే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది కదా, అందుకే మెషిన్ ఆ అమ్మాయి వదిలిన లీటర్లను ప్రామాణిక పీడనానికి మార్చుకుని లెక్క కడుతుంది. నువ్వు చెన్నై మెరీనా ఒడ్డున టెస్టు చేస్తున్నట్టు అంకె ఇచ్చావు, అది పదో వంతు పెంచి చూపించింది. 61ని 910తో గుణించి 1013తో భాగించి చూడు, 55 దగ్గరికే వస్తుంది.

ఈ లెక్క నీ అనుమానం తీరడానికే, రిపోర్టులో రాయకు. టెస్టు మళ్లీ తీయాలి. కోచ్‌కి ఆ మాట నువ్వే చెప్పు, ఆలస్యం చేయకు, ఎందుకంటే ఆయన 61ని నమ్మి పరుగు వేగం పెంచితే నొప్పులు పడేది ఆ పిల్ల కాళ్లు.

ఈలోపు నువ్వే ట్రెడ్‌మిల్ ఎక్కు. మీ సీనియర్‌ని టెస్టు తీయమను, వారం తర్వాత అదే టైముకి, అవే బూట్లతో మళ్లీ. నీ రెండు అంకెల మధ్య ఎంత తేడా వస్తుందో తెలిస్తేనే ఇంకొకరి అంకె పెరిగిందో లేదో చెప్పగలవు. మాస్కు బిగించాక ముందు రంధ్రాన్ని అరచేత్తో మూసి రన్నర్‌ని గట్టిగా ఊదమను. ముక్కు దూలం పక్క నుంచి సన్నగా గాలి తగిలితే అక్కడ లీకు ఉన్నట్టే, పట్టీ మళ్లీ సర్దు. మెషిన్ గాలి కొలతని సరిచూసే 3 లీటర్ల సిరంజిని ఒకే వేగంతో కొట్టకు, మెల్లగా కొన్నిసార్లు, వేగంగా కొన్నిసార్లు కొట్టు, పరుగులో ఊపిరి ఒకేలా ఉండదు. ఇక చివరి నిమిషంలో వేగం పెంచినా ఆక్సిజన్ పెరగకపోతే, ఆర్‌ఈఆర్ (వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని వాడిన ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే అంకె) 1.1 దాటితే, నిజంగా చివరిదాకా పరిగెత్తిందని నమ్మొచ్చు.

వేలి రక్తంలో లాక్టేట్ (గట్టిగా శ్రమిస్తే పెరిగే పదార్థం) తీసేటప్పుడు మాత్రం చేయి వణకనీయకు. చెమటలోనూ లాక్టేట్ ఉంటుంది. వేలు స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, గుచ్చాక మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క స్ట్రిప్‌కి అందించు. కొత్తలో తొందరపడి మొదటి చుక్కే పెట్టేస్తారు, అంకె ఎక్కడికో వెళ్లిపోతుంది.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమనిపించేది. బోర్గ్ స్కేల్ (ఎంత కష్టంగా ఉందో రన్నరే 6 నుంచి 20 దాకా అంకెతో చెప్పే పట్టిక) కాగితం ఇంగ్లీషులో పట్టుకుని మన కర్నూలు, కడప పిల్లల ముందు నిలబడితే వాళ్లు మొహమాటానికి ఏదో అంకె చూపిస్తారు. ముందే తెలుగులో చెప్పు: 6 అంటే ఊరికే కూర్చున్నట్టు, 13 అంటే కాస్త కష్టంగా ఉంది, 20 అంటే ఇక ఒక్క అడుగు కూడా నా వల్ల కాదు. 6తో మొదలవడం చూసి కంగారుపడతారు. పక్కన ఒక సున్నా చేర్చుకుంటే గుండె వేగానికి దగ్గరగా ఉంటుందని, 60 నుంచి 200 దాకా అని చెబితే తేలిగ్గా పట్టుకుంటారు.

టెస్టు మళ్లీ తీశాక అంకె రాసి పంపు. ఈసారీ 55కి దూరంగా వస్తే మాస్కు దగ్గర్నుంచి వెతుకుదాం.