డాక్టర్ సలహా: వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే ఘాటీ ఎక్కినట్టు కడుపులో తిప్పుతోంది, అమ్మేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది కోరాపుట్ జిల్లా జయపురం, నాకు 34 ఏళ్లు, బట్టల షాపు నడుపుతున్నాను. దసరాకి మా బావమరిది బెంగళూరు నుంచి వీఆర్ గేమింగ్ హెడ్‌సెట్, అంటే కళ్లకి కట్టుకుంటే చుట్టూ ఆటే కనిపించే డబ్బా, తెచ్చిచ్చాడు. మొదటిసారి పెట్టుకోగానే నోట మాట రాలేదండి, నిజంగా ఇంకో చోటికి వెళ్లిపోయినట్టే ఉంది, ఎదురుగా ఉన్న బల్ల మీద చెయ్యి ఆనించబోయి పడబోయాను. రెండో గేమ్ కారు రేసు, మొదలెట్టిన పది నిమిషాలకే చెమటలు, కడుపులో తిప్పడం, తీసేసి పడుకున్నా సాయంత్రం దాకా తల బరువుగానే ఉంది. అలవాటైతే పోతుందిలే బావా అన్నాడని వారం రోజులు ఓర్చుకుని రోజూ గంట ఆడాను, ఇప్పుడు ఆ డబ్బా చూస్తేనే వికారం. నాకు మైనస్ 2.5 కళ్లజోడు ఉంది, స్క్రీన్ కంటి దగ్గరే ఉంటుంది కదా అని జోడు తీసేసే ఆడుతున్నా, కొంచెం మసగ్గా కనిపిస్తుంది. మా బాబుకి 8 ఏళ్లు, వాడు అసలు వదలట్లేదు. అమ్మకి 62, బీపీ ఉంది, కాశీ గంగా హారతి వీడియో అందులో పెడితే ఏడ్చేసింది, రోజూ చూస్తానంటోంది, కానీ తీసేటప్పుడు తూలింది. కళ్లు పాడవుతాయా, నా చెవుల్లో ఏమైనా తేడా ఉందా, బస్సెక్కే ముందు వేసుకునే వాంతుల బిళ్ల వేసుకుని ఆడొచ్చా, లేక అమ్మేయమంటారా?

జవాబు: ముందు ఒక్క మాట చెప్పేస్తాను, ఇవాళ్టి నుంచి ఓర్చుకుని ఆడటం మానేయండి. మీరు రాసిన దాంట్లో నాకు బాధనిపించింది ఆ వారం రోజుల సంగతే. హెడ్‌సెట్ అమ్మక్కర్లేదు. మీ చెవులకి జబ్బు ఉన్నట్టు కూడా నాకు అనిపించట్లేదు, పైగా చెవులు బాగా పనిచేస్తున్నాయి కాబట్టే ఇంత తిప్పింది.

ఎలాగో చెప్తాను. మీరు విజయనగరం వైపు నుంచి బస్సులో ఇంటికెళ్లేటప్పుడు సాలూరు దాటాక సుంకి ఘాటీ వస్తుంది కదా, నేను రాయగడలో ఉన్నా చుట్టాలందరూ అటే కాబట్టి ఆ మలుపులు నాకూ బాగా తెలుసు. ఫోన్ చూసుకుంటూ వెనక సీట్లో కూర్చున్నవాళ్లు కవర్లు వెతుక్కుంటారు, డ్రైవర్‌కి మాత్రం ఏమీ కాదు. ఎందుకంటే చెవి లోపల, మనం వినే భాగానికి పక్కనే, మూడు సన్నటి వంకీ గొట్టాలు ఉంటాయి, వాటి నిండా నీళ్లలాంటి ద్రవం, తల ఎటు తిరిగితే ఆ ద్రవం కదలికని బట్టి మెదడుకి కబురు వెళ్తుంది. ఆ పక్కనే రెండు చిన్న సంచులు, వాటిలో సున్నపు రేణువులు, బండి ముందుకి ఉరికిందా బ్రేకు పడిందా పైకి లేచామా అనేది అవి చెప్తాయి. బస్సులో చెవి కదులుతున్నాం అంటుంది, ఫోన్‌లో కళ్లు పెట్టినవాడి కన్ను కదలట్లేదు అంటుంది, మెదడుకి ఆ రెండు మాటలూ పొసగవు. డ్రైవర్ కళ్లు రోడ్డు మీదే ఉంటాయి, స్టీరింగ్ తన చేతిలోనే ఉంటుంది, మలుపు వచ్చేలోపే అతని మెదడు సిద్ధమైపోతుంది.

మీ కారు రేసులో ఇదే గొడవ తిరగబడింది. కన్నేమో కారు దూసుకుపోతోంది, మలుపు తిరిగింది అంటుంది, చెవేమో లేదు నువ్వు ఇంట్లో కుర్చీలో కూర్చున్నావు అంటుంది. దాని ఫలితమే చెమటలు, ఆవలింతలు, నోట్లో నీళ్లూరడం, తర్వాత వికారం. ఇందులో చెవి పాత్ర ఎంతంటే, 1882లోనే విలియం జేమ్స్ అనే అమెరికా శాస్త్రవేత్త గమనించి రాశాడు, లోపలి చెవి పనిచేయని కొందరు బధిరులకి గిర్రున తిప్పినా కళ్లు తిరగవు, ఓడ ప్రయాణంలో వికారమూ రాదు అని. అందుకే మీ చెవులు ఆరోగ్యంగా ఉన్నాయంటున్నాను. చిన్నప్పటి నుంచి బస్సు పడనివాళ్లకి, మైగ్రేన్ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువ ఉంటుంది, మీకు ఆ రెండింట్లో ఏదైనా ఉందేమో చూసుకోండి.

అలవాటైతే పోతుందన్న మీ బావమరిది మాటలో సగం నిజం ఉంది. చాలామందికి కొన్ని రోజుల్లో తగ్గుతుంది, కానీ అది వికారం రాకముందే ఆపేస్తూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయినవాళ్లకి. వికారం వచ్చాక కూడా గంట లాగితే మెదడు నేర్చుకునేది ఇంకోటి. ఒకసారి చేపల కూర తిని వాంతి చేసుకున్నవాడికి నెల తర్వాత కూడా ఆ వాసనకే కడుపు తిప్పుతుంది చూడండి, మీకు ఆ డబ్బా చూస్తేనే వికారం అనేది అదే. తప్పు మీది కాదు, ఎవరూ చెప్పలేదు అంతే.

కాబట్టి ఓ వారం పది రోజులు దాన్ని బీరువాలో పెట్టేయండి, అసలు ముట్టుకోవద్దు. తర్వాత రోజుకి ఐదు నిమిషాలు, అది కూడా కారు, విమానం, రోలర్ కోస్టర్ లాంటివి కాకుండా, మీరు ఒకచోట నిలబడి మీ చేతులతో కొట్టేవి, పట్టుకునేవి, గురి చూసేవి ఆడండి. వాటిలో మీరు తల తిప్పితేనే దృశ్యం తిరుగుతుంది, కన్నూ చెవీ ఒకే మాట చెప్తాయి. మీది మెటా కంపెనీ క్వెస్ట్ హెడ్‌సెట్ అయితే దాని గేమ్‌ల స్టోర్‌లో ఒక్కో గేమ్‌కి కంఫర్టబుల్, మోడరేట్, ఇంటెన్స్ అని రాసి ఉంటుంది, మొదటి నెలంతా కంఫర్టబుల్ అన్నవి తప్ప ముట్టుకోవద్దు. గేమ్‌లో నడవాల్సి వస్తే సెట్టింగుల్లో టెలిపోర్ట్ పెట్టుకోండి, అంటే జాయ్‌స్టిక్‌తో జారుకుంటూ వెళ్లకుండా చూపించిన చోటికి ఒక్కసారే వెళ్లిపోవడం, అలాగే కదిలేటప్పుడు చుట్టూ అంచులు నల్లగా మూసుకునే సెట్టింగ్ ఉంటే అది కూడా ఆన్ చేయండి, పక్క చూపులో పరిగెత్తే దృశ్యమే ఎక్కువ తిప్పుతుంది మరి. నుదుటి మీద చిన్న చెమట పట్టినా, ఒక ఆవలింత వచ్చినా ఆ రోజుకి సరి, ఈ లెవల్ అయ్యాక తీస్తాను అనుకోవద్దు. ఏ ఇబ్బందీ లేకపోతే రెండు మూడు రోజులకోసారి ఇంకో ఐదు నిమిషాలు పెంచండి. బాగా అలవాటయ్యాక కూడా అరగంటకోసారి తీసి పది పదిహేను నిమిషాలు ఆగాలి.

వాంతుల బిళ్ల వద్దు. ఆ బిళ్లలు చాలావరకు మత్తునిస్తాయి, నోరు ఎండగొడతాయి, అవి ఘాటీ లాంటి తప్పని ప్రయాణాలకి. ఆటకి మాత్ర వేసుకోవడం అంటే వంటింట్లో పొగ వస్తుంటే ముక్కు మూసుకుని వంట చేయడమే. అల్లం ముక్క చప్పరిస్తే కొందరికి హాయిగా ఉంటుంది, మీరూ చూడొచ్చు. కడుపు నిండా తినేసి గాని మరీ ఖాళీ కడుపుతో గాని పెట్టుకోకండి, మధ్యాహ్నం పఖాళ్ (చద్దన్నం) తిని కళ్లు మూతలు పడుతున్నప్పుడు అసలే వద్దు. ఉక్కపోతలో వికారం పెరుగుతుంది కాబట్టి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి, ముఖానికి గాలి తగలడం వల్ల హాయి ఒకటి, గది ముందు వైపు ఎటో తెలియడం ఇంకోటి. సీలింగ్ ఫ్యాన్ మాత్రం ఆపేయండి. ఆడే చోటుకి హద్దుగా హెడ్‌సెట్ నేల మీద చూపించే గీత గోడలకి, బల్లలకి పనికొస్తుంది గాని పైన తిరిగే రెక్కని అది మీకు చూపించదు, పాత ఇళ్లలో కప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది, ఇలాగే చెయ్యెత్తి వేళ్లు చితికి నా దగ్గరికి వచ్చిన కుర్రాడిని చూశాను. నిలబడి ఆడాలంటే రెండు మీటర్ల పొడవు రెండు మీటర్ల వెడల్పు ఖాళీ ఉండాలి, అంత చోటు లేకపోతే కూర్చునే ఆడండి. ఆడిన వెంటనే బండి తీయొద్దు, తల పూర్తిగా తేలికపడి కనీసం అరగంట అయ్యాకే.

ఇప్పుడు కళ్ల సంగతి, ఇక్కడ మీరు ఒక పొరపాటు చేస్తున్నారు, చాలామంది చేసేదే. స్క్రీన్ కంటికి రెండంగుళాల దూరంలో ఉందన్నది నిజమే, కానీ మధ్యలో లెన్సులు ఉంటాయి, అవి బొమ్మని సుమారు మీటరు పైన, కొన్ని హెడ్‌సెట్లలో 1.3 మీటర్ల దగ్గర ఉన్నట్టు చూపిస్తాయి. మైనస్ 2.5 ఉన్నవాళ్లకి జోడు లేకుండా 40 సెంటీమీటర్లు దాటితే మసకే. అంటే మీరు వారమంతా మసక బొమ్మని చూస్తూ కళ్లు చికిలించుకుని ఆడారు, తలబరువులో కొంత దీనిదే. జోడు పెట్టుకునే ఆడండి, డబ్బాలో స్పేసర్ అని ప్లాస్టిక్ ముక్క ఇచ్చి ఉంటే తగిలించుకోండి, లేకపోతే రెండు లెన్సులూ రాసుకుని గీతలు పడతాయి. పవర్‌కి తగ్గ లెన్సులు హెడ్‌సెట్ లోపలే బిగించుకునేవి కూడా దొరుకుతాయి.

రెండోది కనుపాపల మధ్య దూరం. పెద్దవాళ్లకి సగటున 63 మిల్లీమీటర్లు ఉంటుంది, కొందరికి 58, కొందరికి 70. మీ కళ్లజోడు షాపువాళ్లని అడిగితే పీడీ, అంటే ఈ దూరం, ఎంతో కొలిచి చెప్తారు, నిమిషం పని. మీ హెడ్‌సెట్ ఏ కంపెనీదో రాయలేదు గాని కొన్నింటిలో దీనికి చక్రం ఉంటుంది, కొన్నింటిలో లెన్సుల్ని వేలితో జరిపితే 58, 63, 68 అని మూడు చోట్ల ఆగుతాయి. మీ బావమరిది తన కళ్లకి పెట్టుకున్నది అలాగే వదిలేసి ఉంటే మీకు నొప్పి రాకుండా ఎలా ఉంటుంది?

ఇక శాశ్వతంగా కళ్లు పాడవుతాయా అంటే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల కళ్లని హెడ్‌సెట్ చెడగొడుతుందని చెప్పే రుజువు లేదు. అలసట మాత్రం ఖాయం. బయట ప్రపంచంలో దగ్గరి వస్తువు చూస్తే రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి, లోపలి కటకం కూడా దగ్గరికి ఫోకస్ చేస్తుంది, రెండూ జంటగా జరుగుతాయి. హెడ్‌సెట్‌లో కత్తి ముక్కు మీదకి వచ్చినా ఫోకస్ ఆ మీటరు పై దూరం దగ్గరే ఉండాలి, జంట విడిపోతుంది. పైగా రెప్ప వేయడం తగ్గి కళ్లు ఎండుతాయి. తీశాక కిటికీలోంచి దూరంగా చెట్లో కొండో చూడండి, మీ జయపురం చుట్టూ కొండలకి లోటు లేదు.

బాబు విషయంలో నేను గట్టిగానే చెప్తాను, 8 ఏళ్లకి వద్దు. క్వెస్ట్ తయారుచేసే మెటా కంపెనీ 2023 దాకా 13 ఏళ్లు నిండాలి అనేది, ఆ ఏడాది నుంచి తల్లిదండ్రుల అదుపులో ఉండే అకౌంట్‌తో 10 ఏళ్ల వాళ్లకి ఒప్పుకుంది. సోనీ ప్లేస్టేషన్ వీఆర్2కి 12. ఏది తీసుకున్నా మీవాడికి ఇంకా టైముంది. 8 ఏళ్ల పిల్లాడి కనుపాపల మధ్య దూరం మామూలుగా 55 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, చాలా హెడ్‌సెట్లలో లెన్సులు అంత దగ్గరికి రావు, అరకిలో పైన ఉండే బరువు ఆ చిన్న మెడకి ఎక్కువ. మీరు కూడా వాడి ముందు ఆడకండి, నాన్న ఆడి నేనెందుకు ఆడకూడదు అంటే మన దగ్గర జవాబుండదు. ఈలోగా వాడిని ఒక్కటి అడగండి, అందులో వస్తువులు దగ్గరగా దూరంగా తేడాగా కనిపించాయా, ఒక్కోటి రెండుగా కనిపించిందా అని. తేడా తెలియలేదన్నా, రెండుగా అన్నా కంటి డాక్టర్‌కి చూపించండి, ఒక కన్ను బలహీనంగా ఉండే లేజీ ఐ ఇలా బయటపడుతుంది కొన్నిసార్లు, చిన్న వయసులో పట్టుకుంటే బాగా సరిచేయొచ్చు.

ఇంట్లో అందరూ ఒకటే వాడుతున్నారు కాబట్టి ముఖానికి తగిలే ఫోమ్‌ని ప్రతిసారీ తుడవండి, ఎవరికైనా కళ్లకలక ఉంటే తగ్గేదాకా వాళ్లు పెట్టుకోకూడదు. ముఖం మీద ఎర్ర దద్దుర్లు, దురద వస్తే ఓర్చుకుని ఆడకుండా మానేసి చర్మం డాక్టర్‌ని కలవండి.

డాక్టర్ దగ్గరికి తప్పక వెళ్లాల్సినవి: హెడ్‌సెట్ లేకుండానే మంచం మీద పక్కకి తిరిగితే గది తిరగడం, ఒక చెవిలో హోరు లేదా వినికిడి తగ్గడం, తీసి గంటలైనా రెండు రెండుగా కనిపించడం, చెయ్యి గాని ముఖం గాని తనంతట తాను అదరడం, స్పృహ తప్పడం. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చినవాళ్లు న్యూరాలజిస్ట్‌ని అడక్కుండా పెట్టుకోనే వద్దు, కొన్ని కంపెనీల హెచ్చరిక కాగితాల్లోనే సుమారు 4000 మందిలో ఒకరికి మెరుపు కాంతుల వల్ల ఫిట్స్ లాంటివి రావచ్చని రాసి ఉంటుంది.

అమ్మగారి గురించి చివరికి ఉంచాను ఎందుకంటే మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆవిడ సంగతే. మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లు ఎంతమందో కాశీ చూడకుండానే ఉండిపోతారు, ఆవిడకి అది కళ్ల ముందుకి వచ్చింది, మాన్పించకండి. అయితే నిలబెట్టి చూపించొద్దు, చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి, రెండు పాదాలూ నేలకి ఆనేలా. పడవలో తీసినవి, డ్రోన్‌తో తీసినవి వద్దు, కెమెరా ఒకచోట కదలకుండా పెట్టి తీసిన హారతి వీడియో వెతికి పెట్టండి. చదివే జోడు పెట్టుకుంటే మసగ్గా ఉంటుంది, దూరపు జోడు ఉంటే అది పెట్టండి. ఐదు నిమిషాలు, మహా అయితే పది. పేస్‌మేకర్ ఉంటే మాత్రం ముందు గుండె డాక్టర్‌ని అడగాలి. మొన్న తూలింది హెడ్‌సెట్ వల్ల కావచ్చు, బీపీ బిళ్లల వల్ల లేచినప్పుడు బీపీ పడిపోవడమూ కావచ్చు, అందుకని ఈ వారంలోనే కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు ఒకసారి బీపీ చూపించండి, పై అంకె 20 గాని కింది అంకె 10 గాని అంతకన్నా ఎక్కువ గాని పడితే బిళ్ల మార్చాల్సి రావచ్చు, ఆ సంగతి బిళ్లలు రాసిన డాక్టర్‌తో మాట్లాడండి. వీడియో అయ్యాక మీరే ఎదురుగా కూర్చుని, అమ్మా తీస్తున్నాను అని చెప్పి నెమ్మదిగా తీసి, రెండు నిమిషాలు కూర్చోనిచ్చి, చెయ్యి పట్టుకుని లేపండి.