కాలువ మీద వెంచర్

ప్రశ్న: మాది తెలంగాణలో చిన్న పల్లె. చెరువు అలుగు నీళ్లు పారే కాలువను పూడ్చి, ఒక పైపు వేసి, దాని మీదే వెంచర్ రోడ్డు పోస్తున్నారు. అభ్యంతరం ఎలా పెట్టాలి?

జవాబు: ‘ఊరు పాడవుతుంది’ అని రాస్తే ఆ కాగితం బీరువాలోకే. కొలతలు రాయండి. ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతు కాలువలో నీటికి 18 చదరపు అడుగుల దారి. అడుగున్నర పైపులో రెండు కూడా ఉండదు. మిగతా నీళ్లు ఎటు పోతాయి? ఎగువ పొలాల్లోకే.

ముందు గ్రామ నక్షాలో కాలువ గీత ఏ సర్వే నంబర్లలో ఉందో చూసుకోండి. లేఅవుట్ అనుమతి, నాలా మార్పిడి (సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం) కాగితాల నకళ్లు సమాచార హక్కు కింద అడగండి. గడువు 30 రోజులు. నిబంధనల ప్రకారం 10 మీటర్ల లోపు వెడల్పున్న కాలువకైనా అంచు నుంచి 2 మీటర్లు వదలాలి. ఫిర్యాదు కలెక్టర్‌కు ఇచ్చి, నకళ్లు నీటిపారుదల శాఖకు, పంచాయతీకి పంపండి. మండల సర్వేయర్‌తో, నీటిపారుదల ఇంజనీరుతో కలిపి కొలిపించమని అందులోనే కోరండి. రసీదు మర్చిపోవద్దు. ‘పంచాయతీ అప్రూవ్డ్’ బోర్డు చూసి వెనక్కి తగ్గకండి; కాలువ పూడ్చే అధికారం పంచాయతీకీ లేదు.