వర్డ్‌ప్రెస్‌లో కొత్త పోస్టుకి డిజైన్ రావట్లేదంటే

వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్)తో నడిపే మీ వంటల సైట్‌లో కొత్త పోస్టు పెడితే పాతవాటి డిజైన్ రావట్లేదని అడిగారు కదా. మీరు డిజైన్ అంతా ఒక్కో వంటకం పోస్టు లోపలే పేర్చేశారు, అందుకే కొత్తది పెట్టినప్పుడల్లా బోసిగా వస్తోంది. అది టెంప్లేట్‌లో, అంటే అన్ని పోస్టులకీ వర్తించే అచ్చులో ఉండాలి.

1. సైట్ అడ్మిన్ మెనూలో అప్పియరెన్స్, అందులో ఎడిటర్, అందులో టెంప్లేట్స్, సింగిల్ పోస్ట్స్ తెరవండి. ఎడిటర్ కనిపించకపోతే మీది పాత రకం థీమ్ (సైట్ రూపాన్ని నిర్ణయించేది), పేజీని బ్లాకులతో, అంటే విడి ముక్కలతో పేర్చుకునే ట్వంటీ ట్వంటీ-ఫోర్ లాంటి బ్లాక్ థీమ్ కావాలి.

2. రంగులు, కాలమ్స్, ఫాంట్లు మీ ఇష్టం.

3. అందరూ బోల్తా పడేది ఇక్కడే. హెడింగ్ బ్లాక్ పెట్టి "గుత్తి వంకాయ" అని టైప్ చేస్తే పులిహోర పోస్టు మీద కూడా గుత్తి వంకాయే వస్తుంది, నాకూ వచ్చింది లెండి. హెడింగ్ బదులు టైటిల్ బ్లాక్, ఇమేజ్ బదులు ఫీచర్డ్ ఇమేజ్ (పోస్టుకి ముఖ్య చిత్రంగా పెట్టిన ఫొటో), తయారీ విధానం రావాల్సిన చోట కంటెంట్ బ్లాక్ పెట్టండి, ఇవి ఏ పోస్టుకి ఆ పోస్టు వివరాలే చూపిస్తాయి.

4. సేవ్ చేశాక పాత పోస్టుల్లో చేత్తో పెట్టిన టైటిల్, ఫొటో తీసేయండి, లేకపోతే రెండేసి సార్లు కనిపిస్తాయి.