నాన్న ఎడ్ల మువ్వలు, పొలంలో దొరికిన పూస

ప్రశ్న: మాది శాలిహుండం దగ్గర పల్లె. నాన్న పోయాక ఎడ్లను అమ్మేశాం. వాటి మువ్వల పట్టెడలు రెండూ అటక మీదే ఉన్నాయి. మొన్న పొలం గట్టు సవరిస్తుంటే ఎర్రరాయి పూస ఒకటి దొరికింది. మువ్వలు, ఆ పూస కలిపి వెండిలో నాకో పట్టెడ చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మువ్వలతో తప్పకుండా చేయించుకోండి. పూసను మాత్రం గుచ్చకండి తల్లీ.

విజయనగరంలో పదిహేనేళ్లుగా వెండి, పూసల నగలు చేస్తున్నాను. మొదట్లో ఒకాయన పాతవని చెబితే నాలుగు ఎర్ర పూసలు కొని, హారంలో గుచ్చి అమ్మేశాను. ఏ ఊరి మట్టిలోంచి వచ్చాయని అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆయన లేరు, పూసలూ లేవు. ఆ బాధ ఇంకా ఉంది నాకు. ఎంత లోతులో, ఏ కుండపెంకుల పక్కన దొరికిందో తెలిస్తేనే పూస ఏ కాలానిదో పురావస్తు శాఖవాళ్లు పోల్చుకోగలరు. మీ శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాల చోటును 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి గారే. కాబట్టి పూసను కడగకుండా, దొరికిన చోటు ఫోటో తీసి తహసీల్దారుకు చెప్పండి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. టెన్షన్ పడకండి, చెప్పినవాళ్లది తప్పేం కాదు.

ఆ పూస ఆకారం కాగితం మీద గీసి ఉంచుకోండి. అలాంటివి కొత్తవి దొరుకుతాయి. గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఈ రాయిని ఇప్పటికీ కాల్చి పూసలు చేస్తారు. రాయిలోని ఇనుము వల్ల ఆ ఎరుపు తేలుతుంది.

ఇక మువ్వలు. అన్నీ పెడితే మెడ లాగేస్తుంది, ఐదు చాలు. ఇత్తడి చెమటకు చిలుము పట్టి చర్మం పచ్చబడుతుంది, అందుకని 92.5 శాతం స్వచ్ఛమైన వెండితో కొక్కేలు చేయించి, మువ్వలు ఒంటికి తగలకుండా వేలాడదీయించండి. టంకం పని అంతా వెండికే, మువ్వను నిప్పులో పెట్టనివ్వకండి. చింతపండుతో తోమించకండి కూడా. ఎద్దు మెడకు రాసుకుని అరిగిన ఆ నునుపు ఏ కంసాలీ తేలేడు. రాతి పూసల బెజ్జం అంచు దారాన్ని కోస్తుంది, పూసకీ పూసకీ మధ్య ముడి వేయించండి.

ఐదు మువ్వలూ ఒక్క పట్టెడ నుంచే తీయండి. రెండోదాన్ని విప్పకండి. తోలు ఎలా కోశారో, మువ్వలు ఏ వరసలో కుట్టారో మీ పిల్లలు అడిగితే చూపించడానికి అదొక్కటే ఉంటుంది.